వేలంలో పోయిన మూడు రోజులు

దానధర్మాలు చేసేవాళ్ళంటే నాకు ఒకప్పుడు మర్యాద ఉండేది. హోసూరు కల్యాణ మంటపంలో ఆ వేలంపాట చూశాక అది పోయింది. మళ్ళీ వస్తుందన్న నమ్మకం కూడా లేదు.

నేను స్టేజీలకు పూల అలంకరణ చేస్తాను. బాగలూరు తోటల నుంచి గులాబీలు, జెర్బెరాలు తెచ్చి కట్టడం నా పని. ఆ ఆదివారం పొద్దున ఒక సేవా సంఘం వాళ్ళ కార్యక్రమం. పేద పిల్లల గుండె ఆపరేషన్ల కోసం సభ్యులు తలా ఒక వస్తువు ఇస్తారు, మిగతావాళ్ళు పాట పాడి కొంటారు. ఒకరు పట్టుచీర ఇచ్చారు, ఒకరు గోడకు తగిలించే బొమ్మ ఇచ్చారు. నేను పక్కన నిచ్చెనెక్కి ఊడిపోయిన దండ సరిచేస్తుంటే మైకులో వినపడింది.

"నెక్స్టు, దీవిలో కాటేజీ! మూడు రోజులు పూర్తి విశ్రాంతి. చుట్టూ నీళ్ళు. పని లేదు, ఫోను మోగదు. పల్లెటూరి అమ్మ చేతి రాగిముద్ద, నాటుకోడి పులుసు అన్నీ ఇందులోనే!"

తలెత్తి చూస్తే తెర మీద మా అమ్మ.

పొయ్యి ముందు వంగి ముద్ద కెలుకుతున్న ఫోటో. ముఖం సగమే పడింది. మోచేతి మీద కాలిన మచ్చను బట్టి గుర్తుపట్టాను. కాటేజీతో పాటు మంచం, నీళ్ళు దాటించే పుట్టి, మా అమ్మ, అన్నీ కలిపి ఒకే పాట.

కృష్ణగిరి దగ్గర డ్యాము వెనక నీళ్ళ మధ్య ఒక దిబ్బ ఉంది. దాన్ని దీవి అనడం ఆ కాటేజీ యజమానికే చెల్లింది. అమ్మ అక్కడే ఉండి వంట చేస్తుంది, గదులు ఊడుస్తుంది, దుప్పట్లు ఉతుకుతుంది. వచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకుంటారు, ఆమె నడుము వంచుతుంది. అది ఉద్యోగం, దాని మీద నాకు కోపం లేదు. కానీ మైకులో తేదీలు చదివారు. వెంటనే నిచ్చెన దిగేశాను.

ఆ మూడు రోజులూ మా పెద్దదేవర.

మాది అంచెట్టి వైపు గొర్రెలు కాసుకుని బతికిన కుటుంబం. పన్నెండేళ్ళకొకసారి కులదేవుడికి పెద్దదేవర చేస్తాం. ఎక్కడెక్కడో ఉన్న మా ఇళ్ళవాళ్ళంతా వస్తారు. బియ్యప్పిండి, బెల్లం కలిపి తంబిట్టు దీపాలు చేస్తారు. వాటిలో నేతి వత్తి వెలిగించి ఆడవాళ్ళు తల మీద పెట్టుకుని గుడి దాకా నడుస్తారు. మొదటి దీపం పెద్దింటి పెద్దకోడలిది. పోయినసారి మా అవ్వ మోసింది. అవ్వ చనిపోయాక ఆ వరస అమ్మకు వచ్చింది. అమ్మ ఇంతవరకు ఒక్కసారి కూడా మోయలేదు. వచ్చే దేవరకు ఆమెకు డెబ్బై దాటుతాయి, అప్పటికి మెడ నిలబడుతుందో లేదో. అందుకే ఆరు నెలల ముందే సెలవు అడిగింది. కాటేజీ యజమాని సరేనన్నాడు.

ఆయనా ఆ సంఘం సభ్యుడే. భోజనాల దగ్గర పట్టుకున్నాను.

"సార్, ఆ మూడు దినాలు మా అమ్మకు లీవు ఇచ్చినారు కదా?"

"అవునమ్మా, అందుకే కదా ఆ దినాలకు బుకింగు తీసుకోలేదు. ఎట్లాగూ ఖాళీగా ఉండాది కదా అని దీనికి ఇచ్చేసినాను."

ఎంత తేలిగ్గా అన్నాడో! డబ్బులొచ్చే రోజు ఒక్కటీ ఇవ్వలేదు మహానుభావుడు. మా అమ్మ సెలవు తీసి దానం చేసి, శాలువా మాత్రం తను కప్పించుకున్నాడు. పప్పన్నం తింటున్నప్పుడు కూడా అది భుజం మీదే ఉంది.

"నేనొచ్చి వండుతాను సార్. ఆయమ్మను ఇడిచిపెట్టండి."

"ఫోటో చూసి పాడినారమ్మా వాళ్ళు. ఆయమ్మ చేతి వంటే కావాలంటారు. జబ్బు పిల్లోళ్ళ కోసరం మూడు దినాలు సర్దుకోలేరా? మీ అమ్మకూ పుణ్యమే కదా!"

ఒళ్ళు మండిపోయింది. అయినా పిల్లల గుండెలు అడ్డం పెడితే ఎవరేం మాట్లాడగలరు? నోరు తెరిస్తే మనకే గుండె లేదంటారు. పూలబుట్టలు సర్దుకుని బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"పోనీలేమ్మా, పిల్లోళ్ళ కోసరమంట కదా. మీ చిన్నమ్మ మోస్తాదిలే దీపము."

"నీకు కోపం రాదామ్మా?"

"ఎసరు కాగుతా ఉంది, పెట్టేస్తాను."

ఆయన మీద కంటే అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది. దేవరకు నేను ఒక్కదాన్నే పోయాను. "మీయమ్మ యాడమ్మా?" అని అడగనివాళ్ళు లేరు. పనిలో ఉందని చెప్పీ చెప్పీ నాకే సిగ్గేసింది. రెండో ఇంటి చిన్నమ్మ మొదటి దీపం ఎత్తుకుంది. సాయంత్రం పెద్దవాళ్ళు కూర్చుని, ఒకసారి దీపం తప్పిన ఇంటికి వరస మళ్ళీ తిరిగి రాదని, ఇకమీదట మొదటి దీపం రెండో ఇంటిదేనని తేల్చేశారు. అది మా కట్టుబాటు. చిన్నమ్మ నా ముఖం చూడలేక తల దించుకుంది.

మూడో రోజు ఆ మాట చెప్పడానికే బస్సు మారి బస్సెక్కి డ్యాము దగ్గరికి పోయాను. పుట్టి దిగి చూస్తే అమ్మ మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. గదుల ముందు ఒక్క చెప్పుల జత లేదు. పరుపుల మీద దుప్పటి నలగలేదు.

"రాలేదమ్మా వాళ్ళు. మొన్న కోడి కోసి వండినాను. నిన్న వస్తారన్నారు, మళ్ళా వండినాను."

ఫోను మోగదన్న ఆ దీవిలో అప్పుడే ఫోను మోగింది. అమ్మ స్పీకరు నొక్కింది. ఆయనే.

"వాళ్ళు రారంటమ్మా. బిజీ అంట. డబ్బు కట్టేసినారు కదా, పని అయిపోయిందిలే. అయితే మూడు దినాలూ నువ్వే రెస్టు తీసుకున్నట్టాయె!" నవ్వాడు.

"ఊ, సార్" అని అమ్మ ఫోను పెట్టేసింది.

ఇక ఆగలేకపోయాను. "ఊ అంటావా? వాళ్ళు రానూ లేదు, నిన్ను పోనీయనూ లేదు. మనింటికి వరస పోయిందమ్మా! రెండో ఇంటికి ఇచ్చేసినారు. ఇంక నువ్వు ఎన్నటికీ మొయ్యలేవు. ఇప్పటికైనా ఒక మాట అంటే నీ నోరు అరిగిపోతాదా?"

వరస పోయిన సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. లేచి, కొంగు దోపుకుని, నా కళ్ళలోకి చూసింది.

"నువ్వు అరిచేసి బస్సెక్కి పోతావు. నేను రేపు మళ్ళా ఈ పొయ్యి కాడికే రావల్ల. నాకు రాదనుకున్నావా కోపము? యాడ పెట్టుకోవల్లో చెప్పు, పెట్టుకుంటాను."