పిల్లి మీద పంతం

ఇవాళ మనవరాలు పచ్చడికి ఎండుకొబ్బరి కాలుస్తుంటే, ఆ వాసనకి డెబ్బై ఏళ్ల కిందటి కడుపుమంట మళ్లీ రగిలింది. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎలుకల బోనులో కాల్చిన కుడుక ముక్కే కదా కట్టేవాళ్లం!

సంగారెడ్డిలో మేం వడ్లు నిల్వ చేసుకునే గుమ్మికి ఎలుకలు పట్టాయని అమ్మ పక్కింటి జైనబక్కను అడిగి వాళ్ల పిల్లిని తెచ్చింది. ఆ రోజు నుంచి నా పాలలో సగం దానికే. అమ్మ ఒడి మొత్తం దానిదే.

"ఎలుకలు పోతే దీన్ని పంపిస్తవా?" అని అడిగాను.

"పోయినంక దీంతోని ఏం పని బిడ్డా?" అంది అమ్మ.

ఇక ఊరుకుంటానా! నాకు తినమని ఇచ్చిన కుడుకను నోట్లో పెట్టుకోకుండా, నిప్పుల మీద కాల్చి బోనులో కట్టాను. తొమ్మిది ఎలుకల్ని పట్టి ఊరి బయట వదిలాను. ఆ మహాతల్లి ఒక్కదాన్నీ పట్టలేదు, ఒడిలోంచి లేస్తే కదా!

పిల్లిని నేనే ఎత్తుకెళ్లి అప్పగించాను. గెలిచిన సంబరంతో వచ్చి పాలగిన్నె ముందు కూర్చుంటే, అందులో పాలు సగమే ఉన్నాయి. ఇంతలో గోడ అవతల నుంచి అమ్మ గొంతు.

"జైనబక్కా, గీ పాలు నేనే పోస్త తియ్యి. దానికి నా చెయ్యి అలవాటైంది."