మామ గిన్నెలో పల్లీల పెరుగు

ఒక పాడిబర్రెను, ఒక సంసారాన్ని, ఒక పెద్దమనిషి కడుపును ఒకే గిన్నెతో నాశనం చేయబోయిన మహానుభావుణ్ణి నేను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మీరూ రెండు తగిలిస్తామంటే వరుసలో రండి.

ఎనభైల్లో, ఉద్యోగం దొరికేదాకా అంటూ వరంగల్‌లో అత్తగారింట మకాం వేశాను. మామకు గ్యాసు. ఆయన తేన్చితే డోర్నకల్‌లో రైలు వచ్చిందనుకుని కూలీలు లేచేవాళ్లు. అప్పుడే ఏదో పత్రికలో చదివాను: పల్లీలు నానబెట్టి, రుబ్బి, పిండిన పాలను తోడేస్తే, ఆ పెరుగులోని సూక్ష్మజీవులు పేగుల్ని శుభ్రంగా ఊడ్చేస్తాయట!

చెబితే అత్తమ్మ ఊరుకుంటుందా? బర్రె పాలమ్మి ఇల్లు నడిపే మనిషి. అందుకే ఆమె పాలు పోయడానికి వెళ్లగానే రోలు ముందు కూర్చునేవాణ్ణి. మామకని అత్తమ్మ విడిగా తోడేసే గిన్నెలో పల్లీల పెరుగు పోసి, అంతకుముందున్న గడ్డపెరుగు... పారేయడం పాపం కదండీ, నేనే తినేవాణ్ణి. సాక్ష్యం మిగలకుండా పల్లీల పిప్పి బర్రె కుడితిలో కలిపేవాణ్ణి. ఏం తెలివి! తగలెయ్య.

మామకు గ్యాసు తగ్గలేదు సరికదా, విరేచనాలు పట్టుకుని చేతిలోంచి చెంబు దిగడం మానేసింది.

"ఇదేం పెరుగే, సున్నం నీళ్లోలె? నీ బర్రె పనైపోయింది. అమ్మేస్త!"

"నా బర్రెనంటే మర్యాద దక్కది! దాంతోనే ఇల్లు ఎల్తాంది!"

అన్నంత పనీ చేశాడు మామ. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బేరగాడు దిగాడు. బర్రెను నిమిరి, "గింత నిగనిగలాడతాంది, ఎందుకమ్ముతాండ్లు పెద్దయ్యా?" అన్నాడు.

అత్తమ్మ రోషంతో అక్కడికక్కడే పాలు పిండింది. నురుగు బకెట్ మీదికి పొంగింది. "చూడు! గీ పాలకు గా పెరుగెట్లయితది?" అంటూ మామ గిన్నె తెచ్చి వాసన చూసింది. తర్వాత కుడితి తొట్టిలోకి చూసింది. పల్లీల పొట్టు తేలుతోంది.

"బర్రె బలిసింది. అల్లుడు బలిసిండు. నా మొగడు మాత్రం పుల్లయిండు. గిన్నెల చెయ్యి వెట్టింది నువ్వేనా?"

"అత్తమ్మా... సూక్ష్మజీవులు మామ పేగుల్ని ఊడుస్తాయని..."

"ఊడుస్తయా? ఆగు, నేనూడుస్త!" చీపురు తిరగేసింది. మామ నా మీదికి చెంబు ఎత్తాడు.

ఆవిడ బేరగాడి వైపు తిరిగింది. "ఓ అన్నా, బర్రెను నేనమ్మ. గీ దున్నపోతును తోలుకపో, ఉత్తగనే ఇస్త!"

బేరగాడు నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"పని చేస్తడా అక్కా?"

"చెయ్యడు."

"అయితే వద్దు."

ఆనాడే బర్రె తాడు పట్టుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో మనుషుల పేగుల జోలికి పోను. నా వైద్యంతో బాగుపడ్డ ఏకైక రోగి మాత్రం, నెమరేస్తూ, మళ్లీ పల్లీలెప్పుడన్నట్టు నన్నే చూస్తోంది.