పొట్టేలు లెక్కలోకి రాదు

గొర్రెల మంద భారతి కోరుకుని తెచ్చుకున్నది కాదు. మొగుడు తిరుమలరావు భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో లారీ తోలడానికి పోతే, కొత్తవలస పక్క ఊళ్లో ఉన్న అరవై గొర్రెలూ ఆమె మీద పడ్డాయి. బావ ఉమాశంకర్‌కి అది గిట్టలేదు. "ఆడమనిషికి మందేటి? నాను సచ్చిపోనానా?" అని వీధిలో అరిచాడు. అత్త నారాయణమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చేసింది. "ఒక్క జీవం తప్పినా మంద నీదేరా. తప్పనంతకాలం కోడలిదే."

మొదట్లో ఏడ్చుకుంటూ వెళ్లిన మనిషే, నెల తిరిగేసరికి మందని వదలలేని స్థితికి వచ్చింది. పొద్దున్న కర్ర పట్టుకుని బయటపడితే ఏం చేయాలో చెప్పేవాడు లేడు. అంత సుఖం ఆమెకి పుట్టింట్లోనూ దొరకలేదు.

చిక్కల్లా లెక్క దగ్గరే. మేత పొలాలు రైలు పట్టాలకి అవతల. గేటు దాటాక రోడ్డు పక్క రెండు రాళ్ల సందులోంచి మంద దిగాలి. అక్కడే లెక్క. ఒక్కొక్కటీ లెక్కపెడితే గొర్రెలు ఆగవు. నాలుగో ఎక్కం బడిలో బట్టీపట్టిందే కానీ, "నాలుగొకట్ల నాలుగు" అనేలోపు పది దూకేస్తాయి. అత్త రెండేసి నేర్పింది. ముప్పై దాటగానే నాలుక తడబడేది. మూడేసి చూసింది. చివర సున్న ఉన్న అంకె ముప్పై దాకా రాదు, ఆలోపే లెక్క తప్పేది. ఐదేసి కంటికి ఆనలేదు. ఒకరోజు అంట్లు తోముతూ నాలుగేసి అనుకుంటూ పోయింది. నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై. మళ్లీ ఇరవైనాలుగు, ఇరవైఎనిమిది. చివరి అంకెలు అవే తిరుగుతున్నాయి: నాలుగు, ఎనిమిది, రెండు, ఆరు, సున్న. ఇక పెద్ద అంకెలతో పనేముంది? సున్న వచ్చినప్పుడల్లా ఒక వేలు మడిస్తే చాలు. మూడు వేళ్లు మడిస్తే మంద మొత్తం వచ్చినట్టు.

మందలో ఇంకోటి ఉంది, మెడలో గంటతో పొట్టేలు. అది అమ్మవారికి మొక్కుకున్నది. మొక్కుకున్న దాన్ని లెక్కపెట్టరు, అది తమది కాదు. ఎప్పుడూ ముందు అదే నడుస్తుంది. అది సందు దాటాకే భారతి "నాలుగు" అనేది.

ఆ రోజు గేటు దగ్గర ఆటోవాడు హారన్ కొట్టాడు. పొట్టేలు బెదిరి మంద నడుమన దూరింది. భారతి అది చూసుకోకుండానే పట్టాలు దాటి రాళ్ల దగ్గర నిలబడింది. నాలుగు, ఎనిమిది, రెండు, ఆరు, సున్న. మూడో వేలు మడిచేసరికి సందు ఖాళీ అయింది.

"అన్నీ వచ్చేయా?" గేటు మనిషి కొండబాబు కేకేశాడు.

"వచ్చేయన్నా, గేటెయ్యి!"

గేట్లు దిగాయి. అప్పుడు వినబడింది గంట. ముందు కాదు, మంద మధ్యలోంచి. భారతి వేళ్లు ఇంకా మడిచే ఉన్నాయి. పొట్టేలుతో కలిసి అరవై. అంటే ఒకటి తక్కువ.

పట్టాలకి అవతల, అరటిపళ్ల బండి చాటునుంచి కుంటి గొర్రె తల బయటపెట్టింది. ఎప్పుడూ గంట వెంటే నడిచే గొర్రె అది.

"అన్నా, గేటెత్తు!"

"బండొచ్చేస్తంది! ఎత్తకూడదు, కదలకు!"

ఇనుప ఖనిజం మోసే గూడ్సు కూత వేసింది. పొట్టేలు తల విదిల్చింది. గంట మోగింది. కుంటి గొర్రె గేటు కింద దూరి పట్టాల వైపు అడుగేసింది. నోటిదాకా వచ్చిన పిలుపుని భారతి మింగేసింది. పిలిస్తే అది నేరుగా రైలు కిందకే వస్తుంది. మందలోకి దూకి పొట్టేలు మెడ పట్టుకుంది. గంటలోకి చెయ్యి దూర్చి నాలుకని పిడికిట బిగించింది. పొట్టేలు కుమ్మింది. గంట అంచు అరచేతిలో దిగింది. వదల్లేదు.

అవతల గొర్రె ఆగింది. చెవులు నిక్కించి చూసింది. అంతలో ఇంజను అడ్డమొచ్చేసింది.

ఆ తర్వాత పెట్టెలే పెట్టెలు. ఊరికే నిలబడలేక భారతి వాటినీ నాలుగేసి లెక్కపెట్టింది. ఎక్కడో తప్పింది. మళ్లీ మొదలెట్టింది. మళ్లీ తప్పింది. చివరి పెట్టె పోయింది.

కుంటి గొర్రె గేటుకీ పట్టాలకీ మధ్య నిలబడి అరటితొక్క నములుతోంది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కబురు ముందే వచ్చింది. ఉమాశంకర్ అరుగు మీద కూర్చున్నాడు. "ఏటమ్మా, మందని రైలుకెట్టేద్దామనుకున్నావేటి?"

నారాయణమ్మ కోడలి ముఖం చూసింది. "లెక్కెట్టలేదేటే?"

"ఎట్టేనత్తా. మూడు సున్నలూ వచ్చేయి. పొట్టేలు నడుమన దూరింది, దాన్నీ ఎట్టేసేను."

"అమ్మోరి దాన్నా!"

"సూసేవా అమ్మా," ఉమాశంకర్ లేచాడు. "మంద నాకిచ్చీ."

"ఉండరా. జీవం తప్పిందేటే?"

"తప్పలేదు. గంట వినబడకుండా పట్టుకున్నాను, కుంటిది అవతలే ఆగిపోనాది." భారతి అరచెయ్యి చూపించింది. తెగిన చోట నెత్తురు గడ్డకట్టి ఉంది.

నారాయణమ్మ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. లోపలికెళ్లి పసుపూ, ఒక పలుపుతాడూ తెచ్చింది. పసుపు అద్దుతూ అంది, "రేపట్నుంచి పొట్టేలుకి తాడేసి ముందు నువ్వే అట్టుకెళ్లు. అది దాటినాకే లెక్క."

తాడు కోడలి రెండో చేతిలో పెట్టింది.

"మరి నా సంగతేటి?" అన్నాడు ఉమాశంకర్.

"సంకటి వండేను. తినీసి ఎల్లు."