పెనుకొండ దాటాక వచ్చిన బస్సు

1998 మే నెలలో ఒక గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు, హిందూపురంలో మా వీధి ఎస్‌టీడీ బూతుకు ధర్మవరం నుంచి బావ ఫోను చేశాడు. మా అక్క తెల్లవారుజామున పోయింది. సాయంత్రం అయిదుకు అసర్ నమాజు కాగానే మట్టి చేస్తామనీ, ఎండాకాలం గనుక అంతకుమించి ఉంచలేమనీ చెప్పాడు.

మా ముస్లిం ఇళ్లలో పెళ్లయిన ఆడకూతురు పోతే శవానికి చుట్టే కఫన్ గుడ్డ పుట్టింటివాళ్లే తీసుకెళ్లాలి. అంగడి తెరిపించి తెల్లగుడ్డ కొనేసరికి పదిన్నర. బస్సులో పోదామంది అమ్మ. ఇంట్లో కారు పెట్టుకుని బస్సెందుకన్నాను. నాయన వదిలిపోయిన ఆ పెట్రోలు కారు నాకంటే రెండేళ్లు పెద్దది. దాని రోగాలన్నీ నాకు తెలుసని నా పొగరు.

సోమందేపల్లి చేరకముందే ఇంజను మిస్సింగ్ మొదలైంది. కారు దగ్గినట్టు కుదుపుతూ పోయి పోయి, పదకొండుంబావుకు ఒక టీ అంగడి ముందు ఆగిపోయింది. ప్లగ్గులు నాలుగూ విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించాను. అరగంటకు స్టార్టయింది. నేనే బాగుచేశాననుకున్నాను. నిజానికి ఇంజను చల్లారింది, అంతే.

పెనుకొండలో పన్నెండున్నరకు మళ్లీ ఆగింది. అక్కడి మెకానిక్ ముసలాయన ఒక ప్లగ్గు వైరు లాగి ఇంజనుకు దగ్గరగా పట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు.

"చూడప్పా, నిప్పు ఎర్రగా వస్తాండాది. నీలంగా రావల్ల. పాయింట్లు కాలిపోయినాయి" అన్నాడు.

ప్లగ్గులకు కరెంటు పంపే ఆ పాయింట్లను రుద్ది, వాటి మధ్య సందు సరిచేసి పంపాడు. అప్పటికి ఒకటిన్నర దాటింది. నేను నిలబడే టీ తాగి, బన్ను తిన్నాను. అమ్మ నీళ్లు కూడా ముట్టలేదు. గుడ్డ మూటను ఒడిలోంచి దించలేదు.

ఊరు దాటి ఎనిమిది కిలోమీటర్లు పోయామో లేదో, మళ్లీ అదే కథ. రెండుంబావుకు ధర్మవరం బస్సు వస్తే చేయెత్తాను. ఆగింది.

"అమ్మను ఎక్కించప్పా. గంటలో దింపుతాం" అన్నాడు కండక్టరు.

అమ్మ మూటతో మెట్టు మీద కాలు పెట్టింది. ఎందుకో చివరిసారిగా తాళం తిప్పాను. ఇంజను అందుకుంది.

"దిగు మా, స్టార్టయింది" అని అరిచాను.

అమ్మ నా మొహం చూసి దిగింది. బస్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత కారు నాలుగుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా చల్లారేదాకా ఎండలో నిలబడ్డాం. ఇంకో బస్సు రాలేదు.

ధర్మవరం చేరేసరికి ఆరయింది. మగవాళ్లు ఖబరస్తాన్ నుంచి తిరిగివచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు.

"చానాసేపు చూస్తిమి అత్తా. ఈడనే గుడ్డ కొనాల్సొచ్చె" అన్నాడు బావ, తల ఎత్తకుండా.

మేము తెచ్చిన గుడ్డను ఎక్కడ పెట్టాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

మరునాడు అక్కడి మెకానిక్ పది నిమిషాల్లో సంగతి తేల్చాడు. "కండెన్సర్ పోయుండాదన్నా. వేడెక్కితే పనిచేయదు, చల్లారితే మళ్లా మామూలే." బొటనవేలంత వస్తువు. మార్పించాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మూడోరోజు అక్క పేరున ఫాతిహా చదివించాక మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. ఆ ఎండలో కూడా కారు ఒక్కచోట తడబడలేదు. ఆ దారిలో పాతబండితో పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: ఆగి ఆగి నడిచే బండిని నమ్మి, ఆగిన బస్సును పోనివ్వకండి. పెనుకొండ వచ్చాక అమ్మ నోరు విప్పింది.

"పుట్టిల్లు లేని దాని మాదిరి పోయె నాయనా, నా బిడ్డ" అంది.

"తప్పు నాదే మా" అన్నాను.

అమ్మ కాదనలేదు.