గుర్రానికి పెట్టిన బొట్టుబిళ్లలు

ఒక వీరుణ్ణి, అతని గుర్రాన్ని, నిప్పులు కక్కే డ్రాగన్‌ను ఒకే ఆదివారం మధ్యాహ్నం కొబ్బరినూనెతో మట్టుబెట్టిన ఘనత నాది. మా పాప పడుకుంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మెలకువగా ఉంటే ప్రతి వాక్యానికీ సవరణ చెబుతుంది.

అప్పట్లో ఎల్బీ నగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. పై వాటాలో ఇంటివాళ్లు. వాళ్లమ్మాయి మౌనిక బొమ్మలు వేయడం నేర్పే కాలేజీలో ఆఖరి సంవత్సరం. గుర్రాలు కడిగే కుర్రాడొకడు డ్రాగన్‌తో పోరాడి, రాజుగారి చేత భుజాన కత్తి తాకించుకుని వీరుడయ్యే పాతకాలపు యూరప్ కథను ఆ పిల్ల గ్రాఫిక్ నవలగా గీసింది. ఒక శనివారం ఆ లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సోమవారం కాలేజీల ఇయ్యాలె అక్కా. ఆద్యకు సదివి చూపెట్టు. ఎట్లున్నదన్నదో జర చెప్పు."

మా పాప ఆద్యకు ఐదేళ్లు. పిల్ల రెండుసార్లు తుమ్మితే చాలు, ఆసుపత్రుల నంబర్లు వెతికే రకాన్ని నేను. పుస్తకం తెరిస్తే ఏముంది, కత్తులు, తెగిన రెక్కలు, ధారలుగా నెత్తురు. ఇది చూస్తే పిల్ల ఇక జన్మలో నిద్రపోదని తేల్చేశాను. ఆ పేజీలు చూపించకుండా తిప్పేయమన్నారు మా ఆయన. అంత తేలికైన ఉపాయం నాకెలా నచ్చుతుంది, మీరే చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న బొట్టుబిళ్లల అట్టలన్నీ బయటికి తీశాను. నెత్తురు కనిపించిన చోటల్లా ఒక బిళ్ల. రోజూ అద్దానికి అంటించి పీకడం లేదా, ఇవీ అంతే అనుకున్నాను. నా దగ్గరున్నవన్నీ ఎర్రవేనన్న సంగతి మాత్రం బుర్రకు తట్టలేదు.

ఆ రాత్రి చదివి చూపిస్తే ఆద్య శ్రద్ధగా విని, "అమ్మా, గుర్రానికి ఆటలమ్మ పోసిందా?" అని అడిగింది. తర్వాతి పేజీలో డ్రాగన్‌కూ పోసింది. రాజుగారికీ పోసింది. వాళ్లకు వేపాకులు వేయరా అని దాని బెంగ.

మర్నాడు భోజనాలయ్యాక బిళ్లలు పీకడానికి కూర్చుంటే ఆద్య కూడా వచ్చి పక్కనే కూర్చుంది. మొదటి బిళ్లతో పాటు గుర్రం ముఖం కూడా వచ్చేసింది. జిగురుకు కొబ్బరినూనే మందని మా ఆయన సలహా. రాశాను. డ్రాగన్ పేజీ బజ్జీల పొట్లంలా తయారై, దాని పొట్టలోంచి వెనక పేజీలోని రాణిగారు నన్ను చూడసాగారు. "ఆగు, డ్రయ్యర్ పెడదాం," అన్నారాయన. "మీరే ఆగండి," అన్నాను.

ఆ పిల్ల ఏడాది కష్టం నా బొట్టుబిళ్లలకు అంటుకుని ఊడివచ్చింది. సోమవారం తను కాలేజీలో ఏం చూపిస్తుంది? పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని పైకి వెళ్లాను. వెనకే ఆద్య.

మౌనిక పేజీలు తిప్పింది. వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి వాసన చూసి, "ఏందమ్మా, పుస్తకానికి తలంటు పోసినవా?" అంది. ఇక ఆపుకోలేక ఏడ్చేశాను.

"ఏడ్వకక్కా. ఇవి కలర్ జిరాక్సులు. అసలువి బీరువాలున్నయి. చిన్నపిల్ల చేతికి పోతదని అసలువి ఇయ్యలే. తల్లి సంగతి నేను సోంచాయించలే."

ఆ మాట వినగానే వాళ్ల గుమ్మం ముందు మెట్ల మీదే కూలబడ్డాను. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ కూలబడలేదు.

"గని బిళ్లలెందుకు పెట్టినవ్?"

"నెత్తురు చూసి పాప భయపడుతుందని."

మౌనిక ఆద్య ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "కత్తులు చూస్తే భయమైందా బిడ్డా?"

"కత్తులు బాగున్నాయి," అంది నా కూతురు. "అమ్మ గుర్రం ముఖం పీకేసింది కదా, అప్పుడు భయమేసింది."

కాబట్టి పాఠకులారా, ఇకపై నా నుదుటికి తప్ప, ఎంత నెత్తురోడుతున్నా సరే, ఏ వీరుడికీ, ఏ గుర్రానికీ, కడకు ఏ డ్రాగన్‌కూ బొట్టు పెట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.