రాజత్త అడిగిన మిగతా మాట

ఆసుపత్రి వరండాలోకి ఎవరో నడుముకు బామ్ రాసుకుని వచ్చారు. ఆ ఘాటు తగలగానే నా కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. మగ్గాల పనికి వలసొచ్చిన మనవాళ్లుండే లింబాయత్‌లో మా సందు, పోగులు అతికే ఆడవాళ్ల నడుముల దగ్గర ఇదే ఘాటు, పొద్దంతా ఆగని మగ్గాల చప్పుడు, ఆ చప్పుడులోనే జోగుతున్న చిన్నప్పటి నేను, పక్కన పోగులు అతుకుతూ రాజత్త.

రాజత్త మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. మగ్గం మీద పడుగు పోగులు చుట్టిన పాత బీము అయిపోతే, కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా పాత కొసలకు మెలిపెట్టి అతకడం ఆమె పని. వేల పోగులు, గంటల తరబడి వంచిన నడుము. మా అమ్మ నన్నూ ఆ పనిలోనే పెడదామంటే ఆమె గొడవకు దిగింది. "దీన్ని గుజరాతీ బడికి తోలు. ఆళ్ల మాటలు ఒక్కరికన్న సక్కగ వస్తే మనల్ని ఎవ్వడు మోసం జెయ్యడు" అంది. డాక్టర్ల మాట మనవాళ్లకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పే ఈ ఆసుపత్రి ఉద్యోగం నాకు దొరికిందంటే అది ఆమె చలవే.

కొన్నేళ్ల కిందట ఆమెకు నడుం నొప్పి మొదలైంది. పోగులు అతికేవాళ్లకు కాక ఇంకెవరికొస్తుందని అందరం నవ్వేశాం. బామ్ సీసాలు కొనిచ్చింది నేనే. గోడకు ఆనుకుని కూడా కూర్చోలేని స్థితికి వచ్చాక గాని స్కానింగ్ తీయించలేదు. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ అప్పటికే వెన్నుపూసకు పాకింది. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

డాక్టర్ గుజరాతీలో చాలాసేపు చెప్పాడు. వీపు కోయనక్కర్లేదు. సన్నని సూది గుండా గడ్డను వేడితో మాడ్చి, విరిగిన పూసలో సిమెంటు లాంటిది నింపుతారు. నొప్పి తగ్గుతుంది, కూర్చోగలుగుతుంది. కానీ జబ్బు పోదు, మిగిలింది కొన్ని నెలలే కావచ్చు. మంచం వెనక నిలబడ్డ ఆమె కొడుకు చెప్పొద్దన్నట్టు నాకు చేతులు జోడించాడు.

"సూదితోనే అయిపోతదంట అత్తా, మంచిగైతవు" అన్నాను.

ఆమె పడుకునే నా మొహంలోకి చూసింది. "ఆయన గంతసేపు మాట్లాడిండు. నువ్వేందే, రెండు ముక్కల్ల ఒడగొట్టినవ్? కడమది ఏమాయె?"

 మోసపోకూడదని ఆమె నాకు నేర్పించిన భాషతో ఆమెనే మోసం చేస్తున్నాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. కొడుకు గోడవైపు తిరిగాడు. రాజత్త నా చెయ్యి పట్టుకుంది.

"కూసునుడైతే అయితది గదా?"

"అయితది అత్తా."

"సాలు. ఆ నెలలు నావి బిడ్డా. నాకు తెల్వకుంట నువ్వెట్ల దాసిపెడ్తవ్?"

సూది వేసి బయటికి తెచ్చినప్పుడు, మా ఊరి తాపీ నది మీద పడవలో పోతున్నట్టుందని మత్తులో గొణిగింది. వీపు మీద రెండు చిన్న పట్టీలు, అంతే. మర్నాడు లేచి కూర్చుంది. ఆ చలికాలమంతా పగటిపూట కోడలికి పోగులు అతకడం నేర్పింది. సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని ఆటోలో నది గట్టుకు పోయి, నీళ్ల మీద వెలుగు కరిగిపోయేదాకా కూర్చునేది. ఎండలు ముదరకముందే వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఇంటివాళ్లు రోగి వెనక నిలబడి నాకు చేతులు జోడిస్తూనే ఉంటారు. వాళ్ల మీద కోపం రాదు, నేనూ అదే చేశాను కదా. రోగి పక్కన కూర్చుని, డాక్టర్ చెప్పిందంతా చెప్పమంటారా, కొంతే చెప్పమంటారా అని అడుగుతాను. కొంతే చాలన్నవాళ్ల దగ్గర అక్కడికే ఆపుతాను. అంతా చెప్పమన్నవాళ్ల దగ్గర ఒక్క మాట కూడా మింగను.