అమ్మ మాటకు పాదసూచిక

నా సిద్ధాంతగ్రంథాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవి కాపీ పట్టే వెబ్‌సైట్లు మాత్రమే. మా గైడు గారు చదవలేదు. ఆయన విషయసూచిక చూశారు, చివర్లో ఉన్న పుస్తకాల పట్టిక మీద వేలు పెట్టి కిందికి జరిపారు, "బాగుందమ్మా, కాపీ శాతం పది లోపు ఉండేటట్టు చూసుకో" అని కట్ట తిరిగి నా చేతిలో పెట్టారు. అన్నేళ్ల కష్టానికి దొరికిన విమర్శ అది.

నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. బస్టాండు రోడ్డులో మేడ మీద అద్దె గది. కింద పగలంతా దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే బస్సులు. పుల్లలచెరువు వైపు అడవి అంచు ఊళ్లలో గొర్రెలు మేపుకునే ఆడవాళ్లు నీళ్ల గురించి ఎలా మాట్లాడుకుంటారన్నది నా పరిశోధన. నేనూ ఆ ఊళ్లదాన్నే. మా అమ్మ గొర్రెలు కాసింది. నాయన నా చిన్నప్పుడే పోయాడు, అమ్మ నేను పరిశోధనలో చేరే ముందు పోయింది. ఆ తర్వాత, ఇవాళ ఇంత రాశాను అని ఫోన్ చేసి చెప్పుకోవడానికి నాకు మనిషి లేదు. ఈ మాట జాలి కోసం చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

యూనివర్సిటీ వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లో థీసిస్‌ను ఒక్కసారే పరీక్షిస్తారు. శాతం దాటిందంటే వెనక్కి వస్తుంది, మళ్లీ వంతు వచ్చేదాకా కూర్చోవాలి. ఆ సాఫ్ట్‌వేర్ మాబోటి వాళ్లకు అందదు. అందుకని అందరం ముందు ఉచితంగా దొరికే సైట్లలో చూసుకుని, ధైర్యం తెచ్చుకుని పంపిస్తాం.

బస్టాండు ఎదుట డీటీపీ దుకాణం భాయ్ నా థీసిస్ టైపు చేశాడు. పెళ్లి పత్రికలు, పలకల పెట్టెల మీద అంటించే లేబుళ్లు, థీసిస్‌లు అన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. పని అయిన రోజు ఆయనే ఒక సైటు తెరిచి నా ఫైలు పెట్టాడు. కాసేపటికి పెద్ద ఆకుపచ్చ సున్నా వచ్చింది.

"చూసినావా అక్కా, సున్నా! మా దుకాణంలో టైపు చేస్తే ఇట్లనే ఉంటది" అని టీ తెప్పించాడు.

ఇంకో సైటులో పెట్టాం. అక్కడా సున్నా. మూడో దాంట్లోనూ సున్నా. టీ తాగుతుంటే నాకు అనుమానం వచ్చింది. ఒక అధ్యాయంలో నిఘంటువు నుంచి పేజీకి పేజీ ఎత్తి రాశాను, కొటేషన్ గుర్తులతోనే. అది కూడా ఎవరికీ కనిపించలేదా? సైటు తాను చదివిన పాఠాన్ని పక్కన చూపిస్తుంటే వంగి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలిపి కొట్టిన ముద్ద. భాయ్ వాడేది పాత తెలుగు ఫాంటు. కాగితం మీద తెలుగులా కనిపిస్తుంది గానీ, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలే. ఆ సైట్లు నా థీసిస్‌లో ఒక్క తెలుగు ముక్క కూడా చూడలేదు.

"ఏంది అక్కా ఇది! గిద్దలూరోళ్లవి, కంభమోళ్లవి, అందరియీ ఇట్లనే చూసి పంపిస్తిని గదా!" అని భాయ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఈ చుట్టుపక్కల ఎంతమంది ఈ సున్నా చూసుకుని టీలు తాగి ఉంటారో! నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎండాకాలం సెలవులన్నీ ఆ దుకాణంలోనే గడిచాయి. ఆయన ఫైలును కొత్త ఫాంటులోకి మార్చడం, విరిగిపోయిన ఒత్తులను నేను ఒక్కొక్కటే అతికించడం.

ఆ తర్వాతే అసలు పరీక్ష మొదలైంది. ఇప్పుడు ఏ సైటు గుణం ఏమిటో నన్ను అడగండి, చెబుతాను. ఒకటి వెయ్యి మాటలకు మించి తీసుకోదు. ప్రతిసారీ మనం మనుషులమని రుజువు చేసుకోవాలి, మంటలార్పడానికి విదేశాల్లో రోడ్డు పక్కన పాతే నీళ్ల గొట్టాలున్న బొమ్మలు ఏరమంటుంది. నీళ్ల మీదే థీసిస్ రాసిన నేను అలాంటి గొట్టాన్ని మా వైపు ఎన్నడూ చూడలేదు. ఇంకొకటి మహా కర్కోటకురాలు. "అని చెప్పవచ్చు", "ఇప్పుడు పరిశీలిద్దాం" అన్నా దొంగతనమే దానికి. ఆ లెక్కన తెలుగు శాఖలన్నిటికీ తాళాలు వెయ్యాలి. మరొకటి చదవకుండానే మెచ్చుకునే చుట్టం లాంటిది, నిఘంటువు పేజీని కూడా నా సొంతమే అంది. నాలుగోది నిదానం. చక్రం తిరుగుతూనే ఉంటుంది. కానీ ఏ వాక్యం ఎక్కడ దొరికిందో ఎర్రగా గీసి, లింకు పక్కనే పెడుతుంది. నేను దాన్నే నమ్ముకున్నాను.

క్లాసులు లేని మధ్యాహ్నాల్లో స్టాఫ్ రూములో కూర్చుని ఒక్కో అధ్యాయం అందులో పెట్టేదాన్ని. చక్రం తిరుగుతున్నంతసేపూ చీర సర్దుకుని నిటారుగా కూర్చునేదాన్ని. ఎవరో నా రాతను వాక్యం వెంట వాక్యం చదువుతున్నారనిపించేది. అది మనిషి కాదని నాకు తెలుసు. తెలిసినా సంతోషంగానే ఉండేది. ఒంటరితనం మనిషిని ఇంత వెర్రిదాన్ని చేస్తుందా అని నా మీద నాకే కోపం వచ్చేది.

బావుల అధ్యాయం పెట్టిన రోజు మొదటి వాక్యమే ఎర్రగా వచ్చింది.

అది మా అమ్మ మాట. ఆమె ఎప్పుడూ అనే మాట: "పక్కన మాట్లాడేదానికి ఒక మనిషి ఉంటే సాలు, నీళ్లు ఎంత లోతుకు పోయినా తోడుకోవచ్చు." దానికి నేను కొటేషన్ గుర్తులు కూడా పెట్టలేదు. అమ్మ మాటకు ఆధారం చూపించాలని ఎవరికి తోస్తుంది? నాకు ఒళ్లు మండింది. బడి గడప తొక్కని ఆడమనిషి మాట ఏ పుస్తకంలో ఉంటుంది? ఎవరు ఎత్తుకుపోయారు? లింకు నొక్కాను.

ఎక్కడో దూరపు యూనివర్సిటీలో ఎవరో ఒకామె చాలా ఏళ్ల కిందట చేసిన పరిశోధన అది, మెట్ట ఊళ్ల నీటి కరువు మీద. తర్వాతెప్పుడో కొత్త ఫాంటులోకి మార్చి నెట్‌లో పెట్టారు. వెనక అనుబంధంలో ఊరూరా తిరిగి ఆడవాళ్లతో మాట్లాడినవన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసి పెట్టింది. మా ఊరి పేరు ఉంది. దాని కింద: గొర్రెలు కాసే స్త్రీ, భర్త లేడు, ఒక్క కూతురు, మార్కాపురంలో హాస్టలులో చదువుతోంది.

ఆ కూతురు నేనే.

అమ్మ మాట్లాడుతోంది. మధ్యలో గొర్రెలను కసురుకున్నది కూడా ఆ పరిశోధకురాలు వదలకుండా రాసింది. "ఏయ్, ఆగండి తల్లీ, చెప్తుండా గదా" అని. ఆ గొంతు నాకు స్టాఫ్ రూములో వినిపించింది. బావి ఎంత లోతు, చేద తాడు ఎన్నిసార్లు తెగింది, అన్నీ చెప్పింది. ఆ తర్వాత ఎర్ర గీత పడిన వాక్యం. దాని తర్వాత, నేను ఎన్నడూ వినని మాట ఒకటి.

"మా పాప సెలవులకు వచ్చినప్పుడు ఆ బాయిలోనే నీళ్లు దగ్గరికి వచ్చినట్టుంటాయి అమ్మా. అది పోయినాక మళ్లీ లోతుకు పోతాయి."

నేను కంప్యూటరు ముందు నుంచి లేవలేకపోయాను. బెల్లు కొట్టారు, ఎవరో క్లాసుకు రమ్మన్నారు, తలనొప్పి అన్నాను. అమ్మ ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. దారిన పోతూ ఆగిన కొత్త మనిషికి చెప్పింది. ఆ కొత్త మనిషి మీద నాకు అసూయ కలిగింది. ఆమె కాళ్లకు మొక్కాలనీ అనిపించింది.

గైడు గారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మీ అమ్మ మాటే కావచ్చమ్మా, ఎవరు కాదన్నారు? కానీ ముందు రాతలోకి ఎక్కింది ఆమె థీసిస్‌లో. మాటలు మార్చి రాయి. లేదంటే తీసెయ్" అన్నారు.

మార్చి చూశాను. "బావి వద్ద సంభాషణకు తోడు లభించినచో" అని మొదలుపెట్టాను. అమ్మ వింటే, ఏందే ఇది, ఎవురి మాటలే ఇవి, అనేది. కొట్టేశాను. తీసేద్దామని చూశాను, వేలు ఆడలేదు. అమ్మవి నా దగ్గర ఫొటోలు ఉన్నాయి, మాటగా నాకు గుర్తుండి మిగిలింది ఇదొక్కటే. చివరికి కొటేషన్ గుర్తులు పెట్టి, పక్కన అంకె వేసి, పేజీ అడుగున ఆ పరిశోధకురాలి పేరు, గ్రంథం పేరు, పుట రాశాను. అక్కడ అమ్మ పేరు లేదు. ఆమె గ్రంథంలోనూ లేదు, గొర్రెలు కాసే స్త్రీ అని మాత్రమే ఉంది. ఆ స్త్రీ నా తల్లి అని చేర్చబోతే, సొంత విషయాలు పాదసూచికలో పనికిరావన్నారు గైడు గారు.

దుకాణంలో ఆ పేజీ సరిచేస్తూ భాయ్ ఆగాడు.

"ఈ మాట ఎవురిది అక్కా?"

"మా అమ్మది."

"మరి కింద వేరేవాళ్ల పేరు ఏసినావేంది?"

"ఆమె రాసి పెట్టింది భాయ్. నేను రాసుకోలేదు."

ఆయన ప్రింటు మీట నొక్కాడు. ఆ పేజీలో సిరా కాస్త మసకగా పడితే నేను చెప్పకముందే ఇంకో ప్రింటు తీసి ఇచ్చాడు.

థీసిస్ నెగ్గింది. శాతం పది లోపే వచ్చిందట. మౌఖిక పరీక్షలో అమ్మ వాక్యం గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు నాకు ఆ సైటుతో పని లేదు. అయినా సెలవు మధ్యాహ్నాల్లో గదిలో కూర్చుని దాన్ని తెరుస్తాను. అమ్మ వాక్యం ఒక్కటే అందులో పెట్టి మీట నొక్కుతాను. కింద శ్రీశైలం బస్సు పోతుంటుంది, చక్రం తిరుగుతుంటుంది. వాక్యం ఎర్రబడుతుంది, ఇది ఇంకొక చోట కూడా ఉందని చూపిస్తుంది. అప్పుడు ఆ లింకు తెరిచి, గొర్రెలను ఆగమన్న దగ్గర నుంచి చదువుకుంటాను.